కాటికి వెళ్ళొచ్చాక వచ్చిన ఆ ఊపు మళ్ళీ ఎట్లా తెచ్చుకోవాలి అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం నిజాంపేట్‌లో ఉంటాం, నాకు 41, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్. మీకన్నా చాలా చిన్నోణ్ణి, నువ్వు అనే అనండి. ఉగాదికి ముందు మా టీమ్‌లో నా పక్క సీట్లో కూర్చునే అతను, నాకన్నా మూడేళ్ళు చిన్న, రాత్రి భోంచేసి గుండెలో ఏదో పట్టేసినట్టుంది అన్నాడట, హాస్పిటల్‌కి చేరేలోపే పోయాడు. మహాప్రస్థానం శ్మశానవాటిక దాకా వెళ్ళొచ్చాక నాకేదో అయిపోయింది. తెల్లారి నాలుగున్నరకి లేవడం, సహస్రనామం, గంట ధ్యానం, నాన్‌వెజ్ బంద్, క్రికెట్ బంద్. నెలన్నర అట్లనే నడిచింది, ఇప్పుడు ఏమీ లేదు, మళ్ళీ రాత్రి ఒంటిగంట దాకా రీల్సే. మా ఆవిడ ‘అయిపోయిందా శ్మశాన వైరాగ్యం’ అని నవ్వుతోంది. చావు గుర్తుండాలని ఫోన్‌కి చితిమంటల వాల్‌పేపర్ పెట్టుకుంటే అమ్మ చూసి ఏడ్చింది, ఇంట్లో ఈ అశుభం ఏంట్రా అని. ఇది నిజంగా నెగటివ్ థింకింగేనా? ఆ ఫీలింగ్ మళ్ళీ ఎట్లా వస్తది? రిటైరయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చులే అని కూడా ఒకవైపు అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వాల్‌పేపర్ తీసెయ్. అమ్మ ఏడ్చింది, అదొక్కటే చాలు తీసెయ్యడానికి, పైగా దానివల్ల నీకు ఒరిగేది కూడా ఏం లేదు. ఏ ఫొటో అయినా నాలుగు రోజులు రోజుకి వందసార్లు చూశాక కంటికి ఆనడం మానేస్తుంది. చావుని చూడ్డంతోనే వైరాగ్యం వచ్చేదుంటే కాటికాపరులంతా ఈపాటికి మహర్షులైపోవాలి కదా, వాళ్ళకి అది డ్యూటీ, ఒకటి కాలుతుంటే పక్కన టీ తాగుతూ రెండోదానికి కట్టెలు లెక్కేసుకుంటారు, తప్పని కూడా అనను.

ఈ మాట నేను సొంతంగా కనిపెట్టింది కాదు. ఐదో శతాబ్దంలో శ్రీలంకలో కూర్చుని బుద్ధఘోషుడు ధ్యానం గురించి విశుద్ధిమగ్గ అని పెద్ద గ్రంథం రాశాడు, అందులో మరణాన్ని తలుచుకోవడం ఎట్లాగో చెప్పేముందు ఎట్లా తలుచుకుంటే పనికిరాదో చెప్తాడు. మనకి కావాల్సినవాళ్ళ చావు తలుచుకుంటే దుఃఖం వస్తుంది, కన్నబిడ్డ పోయిన తల్లికి వచ్చినట్టు. పడనివాళ్ళ చావు తలుచుకుంటే లోపల్లోపల సంతోషం. ఏ సంబంధం లేనివాళ్ళదైతే ఏమీ అనిపించదు, శవాలు కాల్చేవాడికి లాగా, అవును, ఆయన ఇచ్చిన ఉదాహరణే అది. ఇక మన చావే తలుచుకుంటే భయం, కత్తెత్తిన హంతకుణ్ణి చూసి పిరికివాడు వణికినట్టు. ఈ నాలుగూ తోవ తప్పినవే అంటాడు, ఎందుకంటే అందులో ఎరుక లేదు, ఇక లేచి పని మొదలుపెట్టాలి అన్న తొందర లేదు, తెలివిడి లేదు. అంటే మీ అమ్మగారు అశుభం అన్నదాంట్లో సగం నిజముంది, భయపెట్టుకోవడం కోసం తలుచుకుంటే అది నెగటివే. మిగతా సగం మాత్రం నేనొప్పుకోను. చావు అన్న మాట ఇంట్లో వినపడితేనే అశుభం అనేవాళ్ళం మనం, అమ్మమ్మ పోయిందని పిల్లలకి చెప్పడానికి ‘దేవుడి దగ్గరికెళ్ళింది’, ఇన్సూరెన్స్ పేపర్ల ఊసెత్తితే ‘ఇప్పుడెందుకండీ అవి’, చివరికి ఎవరైనా పోతే లాకర్ తాళం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ కౌంటర్‌కి ఇవతల కూర్చుని ఎంతమందిని చూశానో, మనిషి పోయిన ఏడుపు ఒకటి, కాయితం దొరకని ఏడుపు ఇంకొకటి.

ఇప్పుడు నీ అసలు బాధకొస్తా. ఫీలింగ్ పోయింది అంటున్నావు. పోతుంది మరి. పోకుండా ఉంటే నువ్వు ఆఫీసు చెయ్యలేవు, పిల్లల్ని బడికి పంపలేవు, రోడ్డు కూడా దాటలేవు. ఒక మనిషి పోయిన షాక్ అనేది మనసుకి నెలా రెండు నెలలు మించి మోయగలిగేది కాదు, అది తగ్గిందంటే నీలో భక్తి తగ్గిందని కాదు. నీ దగ్గర తేడా కొట్టింది ఎక్కడంటే, ఆ షాక్ ఉన్న నెలన్నరలో, దాని ఊపు మీదే ఆధారపడి ఒకేసారి అన్నీ ఎత్తుకున్నావు, నాలుగున్నర లేవడం, గంట ధ్యానం, తిండి మార్పు, ఆట మానడం, ఊపు తగ్గగానే మొత్తం ఒకేసారి కూలింది. అందులో ఏ ఒక్కటైనా ఊపు లేని రోజున కూడా నడిచేంత చిన్నదిగా పెట్టుకున్నావా? పెట్టుకోలేదు.

మన హైదరాబాద్ సంగతే చూడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు 15 వేల మంది పోయారు ఇక్కడ, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణం దక్కించుకున్నారని చెప్తారు, ఎప్పుడైనా అఫ్జల్‌గంజ్ వైపు వెళ్తే లోపలికి పోయి చూడు ఆ చెట్టుని. ఊరు ఊరంతా ఏడ్చింది అప్పుడు. కానీ మళ్ళీ అట్లాంటి వరద రాకుండా గండిపేట (ఉస్మాన్‌సాగర్) కట్ట లేచింది ఏడుపు మీద కాదు, ఏడుపు ఆరాక విశ్వేశ్వరయ్యగారు వచ్చి వాననీ వాగుల్నీ లెక్కకట్టాక. ఉస్మాన్‌సాగర్ పూర్తయ్యేసరికి 1920, హిమాయత్‌సాగర్ 1927. ఆ మధ్యలో కట్ట మీద మట్టి పోసినవాళ్ళలో ఎంతమందికి రోజూ పొద్దున లేవగానే వరద గుర్తొచ్చి ఒళ్ళు జలదరించి ఉంటుంది చెప్పు? జలదరించకపోయినా తట్ట ఎత్తారు, కూలి కోసమే ఎత్తారనుకో, అయినా కట్ట లేచింది. నీకు కావాల్సింది అదే, ఒళ్ళు జలదరించకపోయినా ఎత్తగలిగే తట్ట.

మరి గుర్తు చేసుకోవడం అక్కర్లేదా అంటే కావాలి, రోజూ కావాలి, కానీ ఫొటోతో కాదు, ఒక ప్రశ్నతో.

మా అత్తమ్మ గురించి చెప్తా. చదువు రాదు, రామనామం తప్ప ఇంకో మంత్రం తెలీదు. చిక్కడపల్లిలో మా పాత ఇంట్లో రాత్రి పడుకునేముందు మంచమ్మీద కూర్చుని కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ తనలో తనే ఆ రోజు మొత్తం తిరగేసేది. పాలాయనకు ఎన్ని రోజులది ఇయ్యాలె, పక్కింటి గిన్నె వాపస్ ఇచ్చినమా లేదా, ఇవన్నీ అయ్యాక, ‘పొద్దుగాల లేస్తనో లేవనో, ఇయ్యాల గా పనిపోరిని ఊకెనే తిట్టిన’ అని ఒకటి బయటపడేది. తెల్లారి ఆ పిల్ల రాగానే సారీ గీరీ ఏం ఉండవు, గ్లాసు నిండా చాయ్, పైన రెండు బిస్కెట్లు, ‘కూసో, తాగినంక తోముదువుగానీ’. అంతే, లెక్క చెల్లు. లేస్తనో లేవనో అనే మాట ఆమె నోట్లో నాకెప్పుడూ భయంగా వినపడలేదు, కరెంటు బిల్లు కట్టాలి అన్నంత మామూలుగా అనేది, అనేసి అటు తిరిగి పడుకుంటే నిమిషంలో గురక. కొత్తలో నాకు చిరాకేసేది, ఏంటీ ముసలావిడ రోజూ చావు మాట అని.

తర్వాత ఎన్నో ఏళ్ళకి పాలీ సుత్తాల, అంటే బుద్ధుడి బోధల, తెలుగు పుస్తకం చేతికొచ్చి చదువుతుంటే అచ్చం ఇదే కనపడింది. బుద్ధుడు నాదిక అనే ఊళ్ళో ఇటుకలతో కట్టిన వసతిలో ఉన్నప్పుడు భిక్షువులకి చెప్తాడు, పొద్దుగుంకి రాత్రి పడేవేళ ఇట్లా అనుకోండి అని: నేను పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, పాము కరవొచ్చు, తేలు కుట్టొచ్చు, జెర్రి కుట్టొచ్చు, కాలు జారి పడొచ్చు, తిన్నది పడకపోవచ్చు, పైత్యమో కఫమో వాతమో ప్రకోపించొచ్చు. (మన హైదరాబాద్ లిస్టు నువ్వే రాసుకో, ఔటర్ రింగ్ రోడ్డు మీద రాంగ్ రూట్‌లో వచ్చే బండి, తడి బాత్రూం టైల్స్, వానలో మూత లేని మ్యాన్‌హోల్.) అనుకుని ఊరుకోమనలేదు. ఈ రాత్రే పోతే నాకు అడ్డుపడేవి, నేను ఇంకా వదిలించుకోని చెడ్డ గుణాలు ఏమైనా ఉన్నాయా అని అడుగు అన్నాడు. ఉంటే తలపాగాకి నిప్పంటుకున్నవాడు ఎంత గబగబా ఆర్పుకుంటాడో అంత పట్టుగా వాటి పని పట్టమన్నాడు. లేవు అని తేలితే? సంతోషంగా ఉండు, రాత్రీ పగలూ మంచివాటినే అభ్యాసం చేస్తూ ఉండు అన్నాడు. ఆ సంతోషం అనే ముక్క నాకు చాలా నచ్చింది తమ్ముడూ, మరణస్మరణ అంటే మొహం వేలాడేసుకుని తిరగడం అనుకునేవాళ్ళు ఇక్కడిదాకా చదవరు. తెల్లారాక మళ్ళీ ఇదే, పగలు గడిచి పోయేలోపు పోతానేమో అని. రోజుకి రెండుసార్లు, అంతకుమించి అడగలేదు.

నువ్వు చెయ్యాల్సింది కూడా అంతే. రాత్రి పడుకునేముందు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టేసి వచ్చి మంచమ్మీద కూర్చుని ఈ రాత్రికే అయిపోతే నాకు గుచ్చుకునేది ఏంటి అని అడుగు. ఐదు నిమిషాలు. నిజాయితీగా అడిగితే వచ్చే జవాబు చూసి నువ్వే ఆశ్చర్యపోతావు, ‘అయ్యో సహస్రనామం ఇంకో వందసార్లు చెయ్యలేకపోయానే’ అని రాదు. అన్నతో ప్లాటు గొడవై మాట్లాడక మూడేళ్ళైంది అనో, పెద్దోణ్ణి లెక్కలు రాలేదని పొద్దున అనరాని మాట అన్నాననో, ఆఫీసులో ఇంకొకళ్ళ పని నా పేరు మీద చూపించుకున్నాననో వస్తుంది. వచ్చినదాన్ని రేపటి పని కింద పెట్టుకో. అది తీరినకొద్దీ జపానికి కూర్చుంటే మనసు నిలవడం మొదలవుతుంది, ఎందుకంటే కూర్చున్నప్పుడు లోపల గోల చేసేవి మామూలుగా ఇవే.

పొద్దున్న సంగతి. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు, మన కృష్ణా ఒడ్డువాడే అనుకుంటాం కదా, శాతవాహన రాజుకి స్నేహితుడిగా ఒక ఉత్తరం రాశాడని ప్రతీతి. సంస్కృత మూలం పోయింది, టిబెటన్‌లో, చైనీస్‌లో మిగిలింది. అందులో ఒకచోట అంటాడు, ఆయుష్షు గాలికి కొట్టుకునే నీటిబుడగ కన్నా నిలకడ లేనిది, అట్లాంటిది ఊపిరి వదిలినవాడు మళ్ళీ పీల్చుకోవడం, పడుకున్నవాడు మళ్ళీ లేవడం, అదీ పెద్ద వింత అని. నెగటివ్ అన్నవాళ్ళకి ఇది వినిపించు. అలారం మోగగానే ఫోన్ ముట్టుకునేలోపు ‘ఓహో, లేచానే’ అని ఒక్క క్షణం అనుకోవడానికి నాలుగున్నర కానక్కర్లేదు, ఆరున్నరైనా పర్లేదు. తర్వాత ఇరవై నిమిషాలు, గంట కాదు, ఇరవై నిమిషాలు కూర్చో. ధ్యానం పద్ధతిగా నేర్చుకోవాలనుంటే నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన శిబిరాలు జరుగుతాయి, ఫీజు ఉండదు, అక్కడ చెప్పేదే మొత్తం అనిత్యం గురించి, ఒంట్లో పుట్టి పోయే స్పర్శల మీదే చూపిస్తారు. నీ సంప్రదాయం మారకుండా ఉండాలనుంటే దోమలగూడ రామకృష్ణ మఠం ఉంది, సాయంత్రం హారతికి వెళ్ళి కాసేపు కూర్చుని రా. ఏదైనా ఒకటి, రెండూ కలిపి మళ్ళీ గోపురం కట్టకు.

రిటైరయ్యాక అన్నావే, అక్కడ నాకు కొంచెం నవ్వొచ్చింది, నీకన్నా చిన్నవాడు పోయాడనే కదా ఈ ఉత్తరం రాశావు! ఇంకో సుత్తంలో బుద్ధుడు భిక్షువుల్ని మరణాన్ని ఎట్లా తలుచుకుంటున్నారని అడిగితే ఆరుగురు ఆరు రకాలుగా చెప్తారు. ఒకాయన, ఇంకొక్క పగలూ రాత్రీ బతికితే ఎంత సాధన చేస్తానో అనుకుంటా అంటాడు. ఇంకొకాయన ఒక్క పగలు చాలంటాడు, ఒకాయన ఒక పూట భిక్ష తినేంతసేపు, ఒకాయన నాలుగైదు ముద్దలు నమిలేంతసేపు. ఐదో ఆయన ఒక్క ముద్ద అంటాడు, ఆఖరాయన ఊపిరి పీల్చి వదిలేంతసేపు అంటాడు. ఆ చివరి ఇద్దరే ఏమరుపాటు లేనివాళ్ళు, ముందు నలుగురూ బద్ధకంగా ఉన్నట్టే లెక్క అన్నాడు బుద్ధుడు. ఒక్కరోజు గడువు అడిగినవాడే బద్ధకస్తుడైతే, పదిహేడేళ్ళు, పద్దెనిమిదేళ్ళు వాయిదా అడుగుతున్న మనమెక్కడ.

మన భాగవతంలో శుకుడు కూడా పరీక్షిత్తుకి ఇదే లెక్క తిప్పి చెప్తాడు. తక్షకుడి కాటుకి ఏడు రోజులే ఉందని తెలిసి గంగ ఒడ్డున కూర్చున్న రాజుతో, ఖట్వాంగుడనే రాజర్షికి ఒక్క ముహూర్తమే మిగిలిందని తెలిసింది, ఆ కాసేపట్లోనే అన్నీ వదిలి హరిని చేరాడు, నీకింకా ఏడు రోజులున్నాయి కదయ్యా అంటాడు. ముహూర్తం అంటే 48 నిమిషాలు, నిజాంపేట్ నుంచి గచ్చిబౌలికి నీకు పొద్దున పట్టే టైమ్ అంత. నాకు ఈ కథలో నచ్చేది తొందరపెట్టడం కాదు, ధైర్యం చెప్పడం. టైమ్ లేదు అని భయపడేవాడికి ఉన్నది చాలు అంటున్నాడు శుకుడు.

రమణమహర్షి విషయం కూడా తలుచుకో ఒకసారి. 1896లో మదురైలో, పదహారేళ్ళ కుర్రాడు, జబ్బూ లేదు ఏం లేదు, ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంది. ఎవర్నీ పిలవలేదు, పడుకుని కాళ్ళూచేతులూ శవంలా బిగబట్టి, సరే ఈ ఒళ్ళు పోయింది, మరి నేను పోయానా అని చూశాడు. కొన్ని వారాలకి అరుణాచలం వెళ్ళిపోయాడు. అది ఆయనకి జరిగింది, మనకి జరగాలని మంచమ్మీద పడుకుని ట్రై చెయ్యమని చెప్పట్లేదు, భయం వచ్చినప్పుడు దాన్నుంచి పారిపోకుండా దానివైపు తిరిగి ఏదో ఒకటి అడగొచ్చు అని చూపించడానికి చెప్తున్నా.

అయితే ఒక సంగతి కచ్చితంగా చెప్పాలి. ఈ ఆలోచనల వల్ల అర్ధరాత్రి గుండె దడదడా కొట్టుకుని లేచి కూర్చోవడం, చెమటలు, బతికి ఏం లాభం అనిపించడం, ఇట్లాంటివి ఉంటే ఇది సాధన కాదు, ఆపేసి డాక్టర్‌కి చూపించుకో. మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అట్లాగే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకో, నలభై దాటాయి, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నావు, శరీరం అశాశ్వతం అని తెలిసినంతమాత్రాన దాన్ని గాలికొదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు. క్రికెట్ మళ్ళీ మొదలుపెట్టు, ఆదివారం పొద్దున గ్రౌండ్‌లో గంట పరిగెత్తితే ఏ దేవుడూ కోప్పడడు. నాన్‌వెజ్ నీ ఇష్టం, కానీ ఇంట్లో రెండు రకాల వంట ఎవరు చేస్తున్నారో ఒకసారి చూసుకుని నిర్ణయించుకో, మీ ఆవిడ వేసిన ఆ శ్మశాన వైరాగ్యం చురకలో ఈ విసుగు కూడా కొంత కలిసుంటుందని నా అనుమానం.

చివరిది, ఉత్తరం చదువుతున్నంతసేపూ నన్ను తొలిచింది. రెండు పేజీలు రాశావు, నేను ఇక్కడ కుదించి వేశాను, కానీ మొత్తంలో ఆ పోయినతని భార్యాపిల్లల గురించి ఒక్క వాక్యమే ఉంది, ‘వాళ్ళు ప్రస్తుతం వాళ్ళ పుట్టింట్లో ఉన్నారు’ అని. దశదినకర్మ తర్వాత ఆఫీసు నుంచి ఎవరైనా వెళ్ళారా? ఆ అమ్మాయికి కాయితాల పని ఎవరైనా చేసిపెడుతున్నారా? పీఎఫ్ డబ్బు వేరు, ఫ్యామిలీ పెన్షన్ వేరు, పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే జీవిత బీమా వేరు, ఆ మూడోది గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది, చాలామందికి అట్లాంటిదొకటి ఉందనే తెలీదు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఇంకొకటి. డెత్ సర్టిఫికెట్ కాపీలు, మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, ఇవన్నీ పట్టుకుని తిరిగే ఓపిక ఇప్పుడామెకి ఉండదు. ఈ శనివారం మీ ఆవిడని కూడా తీసుకుని వెళ్ళు, ఒక్కడివే వెళ్తే ఆమెకి ఇబ్బంది. వెళ్ళేముందు మీ హెచ్ఆర్‌తో మాట్లాడి ఏయే ఫారాలు కావాలో రాయించుకో, ఆయన రికార్డులో నామినీ ఎవరున్నారో కనుక్కో. ఇంటికొచ్చాక నీ పీఎఫ్ ఖాతా (యూఏఎన్) కూడా తెరిచి నామినీ ఎవరున్నారో చూడు, పెళ్ళికి ముందు అమ్మ పేరు పెట్టి అట్లనే వదిలేసినవాళ్ళు చాలామంది ఉంటారు, పీఎఫ్ రూల్ ప్రకారం పెళ్ళయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, మళ్ళీ కొత్తది ఇవ్వాలి.